టేప్ రికార్డరులో రబ్బరు పని: నా అనుభవం

పాత టేప్ రికార్డరు పాటను సాగదీస్తుంటే అందరూ ముందు అనే మాట "మోటారు పోయింది" అని. క్యాసెట్ నమిలేస్తే "హెడ్ పాడైంది" అంటారు. నేను బాగుచేసిన సెట్టులో మోటారు నిక్షేపంగా ఉంది. టేపు మీది శబ్దాన్ని చదివే ఆ హెడ్ అరగలేదు. సర్క్యూట్లో ఒక్క భాగం కూడా మార్చాల్సిన పని పడలేదు. పోయిందల్లా రబ్బరే. రెండు బెల్టులు, ఒక పించ్ రోలరు, ఒక చిన్న చక్రానికి తొడిగిన టైరు. ఈ నాలుగూ సరిపడితే సెట్టు దానంతటదే దారిలోకి వచ్చింది. ఆ పని ఏ వరసలో చేశానో, ఏది శుభ్రం చేస్తే సరిపోయిందో, ఏది మార్చక తప్పలేదో, జనం చెప్పే చిట్కాల్లో ఏవి రబ్బరును చంపేస్తాయో ఇక్కడ రాసి పెడుతున్నాను. అటక మీద పాత క్యాసెట్ల పెట్టె ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

సెట్టు మా పెదనాన్నది. జపాన్‌లో తయారైన మోనో రికార్డరు, పైన పిడి, ముందు వైపు వరసగా మీటలు. ఎనభైల్లో గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్లు సోనీ, నేషనల్ పానాసోనిక్, సాన్యో సెట్లు తెచ్చి ఊళ్లో అమ్మేవాళ్లు. అలా కొన్న సెట్టే ఇది. పెదనాన్న తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. రిహార్సల్స్ జరిగేటప్పుడు ఈ సెట్టు పక్కన పెట్టుకుని పద్యాలు రికార్డు చేసేవారు. ఆయన పోయాక ఆ క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని నేను పూనుకున్నాను.

"ఏదో ఒక ప్లేయర్లో వేసి ఎక్కించెయ్, ఆ పాత డబ్బాతో ఎందుకు తంటా" అని ఇంట్లో అందరూ అన్నారు. దానికి నా దగ్గర గట్టి కారణమే ఉంది. హెడ్ టేపుకు ఎంత నిటారుగా నిలబడిందో దాన్నిబట్టి రికార్డింగులో పై స్థాయి శబ్దాలు పడతాయి. రికార్డు చేసిన హెడ్‌తోనే తిరిగి వినిపిస్తే ఆ కోణం అచ్చంగా సరిపోతుంది. వేరే సెట్టులో వేస్తే మాటల్లో స, శ, చ లాంటి అక్షరాలు మసకబారతాయి. పైగా ఇప్పుడు చవకగా దొరికే కొత్త ప్లేయర్లలో వేగాన్ని నిలకడగా ఉంచే ఫ్లైవీల్ అనే చక్రం తేలిక. పద్యం చివర తీసే పొడుగాటి రాగం వాటిలో వణికిపోతుంది. పద్యంలో అసలు సంగతి ఆ రాగమే కదా.

రబ్బరు మీద ఇంత భారం ఎందుకు పడిందో ముందు చెప్పాలి. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. ప్లే నొక్కితే అది హెడ్ ముందు నుంచి సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. 1963లో ఫిలిప్స్ వాళ్లు క్యాసెట్ తెచ్చినప్పటి నుంచీ ఇదే లెక్క. టేపును లాగేవి క్యాసెట్ మధ్యలో తిరిగే పళ్ల చక్రాలని చాలామంది అనుకుంటారు. లాగేది క్యాప్‌స్టన్ అనే సన్నటి ఉక్కు కడ్డీ. పించ్ రోలరు అనే రబ్బరు చక్రం టేపును ఆ కడ్డీకి అదిమి పడుతుంది, కడ్డీ తిరిగిన కొద్దీ టేపు ముందుకు పోతుంది. పళ్ల చక్రం చేసేదల్లా అవతలికి వచ్చిన టేపును చుట్టుకోవడమే. మా సెట్టులో కడ్డీ మందం 2 మి.మీ. అంటే చుట్టుకొలత 6.28 మి.మీ. సెకనుకు 47.6 మి.మీ. టేపు నడవాలంటే కడ్డీ సెకనుకు ఏడున్నర సార్లు తిరగాలి. కడ్డీ అడుగున బరువైన ఫ్లైవీల్ ఉంటుంది, దాన్ని బెల్టు తిప్పుతుంది, బెల్టును మోటారు తిప్పుతుంది. అంటే మోటారు శక్తి టేపు దాకా చేరేలోపు రెండు చోట్ల రబ్బరు చేతుల మీదుగా వెళ్లాలి.

ఈ లెక్క కట్టి పెట్టుకుంటే జబ్బు ఎక్కడుందో చెవితోనే పట్టుకోవచ్చు. మా సెట్టు రోలరు అడ్డకొలత సుమారు 10 మి.మీ. అది సెకనుకు ఒకటిన్నర సార్లు తిరుగుతుంది. రోలరు ఒకచోట గుంట పడితే స్వరం అదే లెక్కన నిదానంగా ఊగుతుంది. కడ్డీకో ఫ్లైవీల్ గాడికో ఏదైనా అంటుకుని ఉంటే సెకనుకు ఏడెనిమిది సార్లు సన్నగా వణుకుతుంది. ఊపు వేరు, వణుకు వేరు. బెల్టు జారుతుంటే ఈ రెండూ కాదు, గొంతు మొత్తంగా బరువెక్కి కిందికి దిగిపోతుంది, ఒక్కోసారి మళ్లీ లేస్తుంది.

సెట్టు విప్పేముందు తెనాలిలో మాకు తెలిసిన పెద్ద మెకానిక్ ఒకాయనకు చూపించాను. ఆయన పని మానేసి చాలాకాలమైంది, చూపు ఆనడం లేదు. చేతి వేళ్లకు మాత్రం అన్నీ గుర్తున్నాయి. క్యాసెట్ తలుపు తెరిచి, లోపల ఏమీ పెట్టకుండా ప్లే నొక్కమన్నారు. మోటారు గుయ్‌మంటోంది, కడ్డీ కదలడం లేదు. "పెద్ద బెల్టు కరిగిపోయింది నాయనా. దానికి మందు లేదు, మార్చాల్సిందే," అన్నారు. తర్వాత రోలరు మీద వేలు పెట్టి తిప్పి చూశారు. "దీన్ని మాత్రం తొందరపడి పారెయ్యకు. గోటితో నొక్కు. గుర్తు పడి మళ్లీ లేస్తే రబ్బరుకు ఇంకా ప్రాణం ఉన్నట్టు."

"మరి స్పీడు స్క్రూ తిప్పి చూడమంటారా బాబాయి గారూ?" అని అడిగాను.

"రబ్బరు పని అయ్యేదాకా ఆ స్క్రూ జోలికి వెళ్లావంటే ఊరుకోను."

ఈ మాట నేను ఆ తర్వాత అందరికీ చెబుతున్నాను. వదులైన బెల్టుతో నడుస్తున్న సెట్టుకు స్క్రూ తిప్పి వేగం పెంచితే ఆ పూటకు గొంతు సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. రేపు కొత్త బెల్టు వేశాక అదే గొంతు పిల్లవాడి గొంతులా కీచుమంటుంది, అసలు స్థానం ఎక్కడో ఎవరికీ గుర్తుండదు.

విప్పడం గురించి ఎక్కువ రాయను. కరెంటు తీగ పీకి, సెల్లులు తీసేసి, అడుగు స్క్రూలు విప్పాను. సెల్లుల గదిలో దాక్కున్న స్క్రూ ఒకటి ఉంటుంది, అది చూడకుండా లాగితే ప్లాస్టిక్ విరుగుతుంది. స్పీకరు తీగలు పొట్టిగా ఉంటాయి, మూత ఒక్కసారిగా ఎత్తకూడదు. అడుగడుగునా ఫోనుతో ఫొటో తీసుకున్నాను. బెల్టు ఏ చక్రానికి ఏ వైపు నుంచి వెళ్లిందో కరిగిపోయిన బెల్టు చెప్పలేదు, నల్లటి మరకలే చెప్పాలి. ఆ మరకలు తుడవకముందే ఫొటో తీయడం చాలా అవసరం.

ఇక ఆ నలుపు. మోటారు చివర చిన్న ఇత్తడి పుల్లీ గాడి నిండా, ఫ్లైవీల్ చుట్టూ సగం దాకా, ఎండకు కరిగిన తారులా అంటుకుపోయి ఉంది. వేలు తగిలితే దారాలు సాగుతుంది. ఇలా కరిగేవి చాలావరకు పాలియురిథేన్ బెల్టులు. గాలిలోని తేమ ఆ పదార్థం లోపలి బంధాలను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా విడగొడుతుంది. చివరికి అది జిగురవుతుంది. మా వైపు తేమ సంగతి చెప్పక్కర్లేదు, వానాకాలంలో అటక మీద అట్టపెట్టెలే మెత్తబడతాయి. మామూలు రబ్బరు బెల్టులది ఇంకో దారి. వాటిలో మెత్తదనం కోసం కలిపిన నూనెలు ఆవిరై, గాలిలోని ఆక్సిజన్ తగిలి, రబ్బరు గట్టిపడి సాగిపోతుంది. బిగించి ఉన్నచోట ఓజోన్ తగిలితే అడ్డంగా సన్నటి చీలికలు పడతాయి. ఒకటి కరగడం, ఒకటి ఎండడం. రెండింటికీ వైద్యం ఒకటి కాదు.

జిగురు తీయడానికి ముందు చేతికి గ్లౌజులు తొడుక్కోవాలి. ఆ నలుపు గోళ్ల సందుల్లో పడితే వారం దాకా వదలదు, బట్టలకు అంటితే ఇక అంతే. కింద పాత పేపరు పరిచి, ముద్దగా ఉన్నదంతా వెదురు పుల్లతో గీరి తీశాను. ఇనుప మొన వాడితే ఇత్తడి గాడికి గీత పడుతుంది, ఆ గీత కొత్త బెల్టును కోస్తుంది. ముద్ద పోయాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్‌బడ్ గాడిలో పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడిచాను. హైదరాబాద్ కోఠీలో మొబైల్ రిపేరు సామాను అమ్మే షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. చేతులకు రాసుకునే శానిటైజరు జెల్ దీనికి పనికిరాదు, అందులో కలిపినవి పొరలా మిగిలిపోతాయి. బడ్ నల్లగా వస్తుంది, మార్చాలి, మళ్లీ నల్లగా వస్తుంది, మళ్లీ మార్చాలి. గోధుమ రంగులోకి దిగాక చాలామంది ఆపేస్తారు. బడ్ తెల్లగా వచ్చేదాకా ఆపకూడదు. గాడి అడుగున ఆవగింజంత జిగురు మిగిలినా కొత్త బెల్టు దానిమీదకు ఎక్కినప్పుడల్లా ఎగురుతుంది, ఆ ఎగురుడే రాగంలో వణుకు.

రెండో బెల్టు చుట్టుకునే చక్రం నుంచి, టేపు ఎంత నడిచిందో అంకెల్లో చూపే కౌంటరు దాకా వెళ్తుంది. దాని స్థానంలో సైకిల్ ట్యూబు నుంచి కత్తిరించిన రింగు ఉంది, ఎప్పుడో ఏదో షాపులో వేసింది. పల్లెటూళ్లలో బెల్టులు దొరకని రోజుల్లో అదే దిక్కు, కాబట్టి వేసినవాళ్లను తప్పుపట్టను. అయితే కత్తెరతో కోసిన రింగు వెడల్పు ఎప్పుడూ ఒకేలా ఉండదు. కౌంటరు లాంటి చోట నడిచిపోతుంది, ఫ్లైవీల్ బెల్టుగా వేస్తే మాత్రం పద్యం కుంటుతుంది. కట్టలు కట్టే రబ్బరు బ్యాండు సంగతీ అంతే. మన వేడికి కొన్నాళ్లలోనే సాగి తెగుతుంది.

కొత్త బెల్టు కొలత తీయడమే ఈ పనిలో ఎక్కువమంది తడబడే చోటు. పాతది దొరికితే కొలవచ్చు, కానీ సాగిపోయిన బెల్టు కొలత తీసుకుంటే సాగిపోయిన బెల్టే వస్తుంది. కరిగిపోతే కొలవడానికి ఏమీ ఉండదు. నేను గట్టి కుట్టుదారం తీసుకుని మోటారు పుల్లీ, ఫ్లైవీల్ చుట్టూ బెల్టు వెళ్లే దారిలోనే తిప్పి, కలిసిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, స్కేలు మీద పరిచాను. 210 మి.మీ. వచ్చింది. బెల్టు బిగువుగా కూర్చోవాలి కాబట్టి అందులో 6 శాతం తగ్గించాను, 197 అయింది. 3.14తో భాగిస్తే దాదాపు 63 మి.మీ. వ్యాసం. బెల్టు దళసరి పుల్లీ గాడిని బట్టి 1.2 మి.మీ. చదరం.

ఈ కొలతలు కాగితం మీద రాసుకుని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఒక షాపులో అడిగితే కుర్రాడు, "అన్నా, మోడల్ నంబరు చెప్తే దొరకది. సైజు చెప్పు, ఎతుకుత," అన్నాడు. కాగితం చూపించాను. "గిట్ల రాస్కొని అస్తే మంచిగుంటది. అందరు ఫొటో పట్కొని అస్తరు, ఫొటోల సైజు ఎట్ల తెలుస్తది?" అంటూ వెనక గదిలోంచి డబ్బా తెచ్చాడు. అందులోంచి ఒక్కొక్కటీ తీసి రెండు వేళ్ల మీద సాగదీసి వదిలి చూశాం. మంచి బెల్టు చప్పున వెనక్కి వస్తుంది. గూట్లో ఏళ్ల తరబడి పడి ఉన్న బెల్టు "కొత్తది" అయినా బద్ధకంగా వస్తుంది. వంచితే మలుపు మీద తెల్లటి సన్న గీతలు కనపడతాయి. అలాంటివి ఎంత చవకైనా వద్దు.

బెల్టు మరీ బిగువైతే మంచిదేగా అనుకోవద్దు. మోటారు ఇరుసును అది పక్కకు లాగుతూనే ఉంటుంది, లోపలి బుష్ ఒక పక్కకు అరుగుతుంది, సెల్లులు తొందరగా అయిపోతాయి. వదులైతే జారుతుంది. దళసరి సంగతి కూడా ముఖ్యమే. మోటారు పుల్లీ చిన్నది కాబట్టి దానిమీద బెల్టు ఏమాత్రం దళసరిగా ఉన్నా పుల్లీ పెద్దదైనట్టే లెక్క, టేపు వేగం పెరుగుతుంది. సన్నబెల్టు వేస్తే తగ్గుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని పించ్ రోలరు. ఇది కొత్తది దొరకడం కష్టం, దొరికినా ఎత్తు, వ్యాసం, మధ్య రంధ్రం మూడూ కలవాలి. అందుకే దాన్ని కాపాడుకోవడానికే ఎక్కువ సమయం పెట్టాను. చిన్న ప్లాస్టిక్ లాకు తీస్తే రోలరు ఇరుసు మీదనుంచి పైకి వస్తుంది. లాకు ఎగిరి పోకుండా మీద వేలు ఆనించి తీయాలి, కింద తెల్లటి గుడ్డ పరచాలి. రోలరు చేతిలోకి తీసుకుని వెలుతురులో చూస్తే మధ్యలో సరిగ్గా టేపు వెడల్పున గోధుమ రంగు పట్టీ కనపడింది, నున్నగా మెరుస్తూ. టేపు మీద పూసిన ఐరన్ ఆక్సైడ్ పొడి అది. టేపు నడిచిన ప్రతిసారీ కొంచెం రాలి, రోలరు ఒత్తిడికి రబ్బరు మీద అణిగి గట్టిపడుతుంది. ఆ పట్టీకి పైనా కిందా టేపు తగలని అంచులు మాత్రం ఇంకా నల్లగా, మాసినట్టు ఉన్నాయి. రబ్బరు అసలు రంగూ, అసలు పట్టూ ఏమిటో ఆ అంచులే చెబుతాయి. మధ్య భాగాన్ని అంచుల్లా చేయడమే మన పని.

ముందు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపి, పాత మెత్తటి నూలు గుడ్డ తడిపి రోలరును వేళ్ల మధ్య తిప్పుతూ రుద్దాను. గుడ్డ మీద గోధుమ చారలు పడ్డాయి. గుడ్డ మడత మార్చి మళ్లీ. చివరికి మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టాను. ఎండలో పెట్టకూడదు, నీడలోనే ఆరాలి. సబ్బు నీళ్లతోనే అంత మురికి పోతుందని చాలామంది నమ్మరు, ఆల్కహాల్ అయితేనే పోతుందంటారు. ఆల్కహాల్ బడ్‌తో ఒకసారి తుడిస్తే రబ్బరు చచ్చిపోదు, మొండి మరక ఉంటే నేనూ తుడుస్తాను. నానబెట్టడం, వారం వారం తుడవడం మాత్రం వద్దు, రబ్బరులో మిగిలిన ఆ కాస్త మెత్తదనాన్నీ అది లాగేస్తుంది. కడ్డీ, హెడ్ లాంటి లోహపు భాగాలకు ఆల్కహాల్, రబ్బరుకు సబ్బు నీళ్లు: నేను పాటించే పద్ధతి ఇది.

మురికి పోయాక కూడా రోలరు నున్నగానే ఉంది. పైపొర గట్టిపడి అద్దంలా మారిపోయింది. గోటితో నొక్కితే గుర్తు పడి లేచింది, అంటే లోపల రబ్బరు బతికే ఉంది, పైపొర తీస్తే చాలు. రోలరును సరిపడే సన్నటి బోల్టుకు బిగించి, ఆ బోల్టును డ్రిల్లింగ్ మిషనుకు పట్టించి, నిదానంగా తిప్పుతూ 600 నంబరు వాటర్ పేపరు అనే సన్న గరుకు కాగితాన్ని ఒక చదునైన చెక్కకు చుట్టి తేలిగ్గా ఆనించాను. చెక్క ఎందుకంటే, వేలితో పట్టుకుంటే మధ్యలో ఎక్కువ నొక్కుడు పడి రోలరు నడుము సన్నబడుతుంది. రోలరు పైనుంచి కింది దాకా ఒకే మందంలో ఉండాలి. లేకపోతే టేపు ఒక పక్కకు ఎక్కిపోతుంది, అంచు ముడతలు పడుతుంది, పడిన ముడత ఇక పోదు. పైన మెరుపు పోయి అంచుల్లాగే మసక నలుపు రాగానే ఆపేశాను. మళ్లీ సబ్బు నీళ్లు, మళ్లీ ఆరబెట్టడం. ఇరుసుకు కుట్టుమిషను నూనె సూది మొనతో అంటించి, పైకి కనపడేదంతా తుడిచేశాను. రోలరు మీదికి నూనె పాకితే ఇంత శ్రమా వృథా.

చీలికలు పడిన రోలరు, గోరు దిగని రోలరు, ఒకచోట గుంట పడిన రోలరు ఇలా బాగుపడవు. వాటిని మార్చాల్సిందే.

ఫ్లైవీల్ నుంచి చుట్టుకునే చక్రానికి తిప్పుడు అందించే చిన్న చక్రం ఉంటుంది, ఐడ్లర్ అంటారు. క్యాసెట్ నమిలేసేది చాలాసార్లు దీనివల్లే. దీని టైరు జారితే చుట్టుకునే చక్రం ఆగుతుంది. కడ్డీ, రోలరు మాత్రం టేపును తోస్తూనే ఉంటాయి, బయటికి వచ్చిన టేపు వెళ్లడానికి చోటు లేక రోలరుకే చుట్టుకుంటుంది. టైరును చక్రం నుంచి ఊడదీసి, కడిగి, లోపలి వైపు బయటికి తిరగేసి తొడిగాను. ఇన్నేళ్లూ గాలి తగలని లోపలి ముఖం ఇంకా పట్టు ఉన్నదే. చదరపు అంచు ఉన్న టైర్లకు ఈ కిటుకు బాగా పనిచేస్తుంది.

చిట్కాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పాత సెట్లను మురికి కంటే ఇవే ఎక్కువ పాడు చేస్తున్నాయి. రబ్బరు గట్టిపడింది కదా అని కొబ్బరి నూనె రాస్తారు. ఆ క్షణానికి నల్లగా నిగనిగలాడుతుంది. రబ్బరు నూనెను పీల్చుకుని ఉబ్బుతుంది, జారుతుంది, టేపుకు అంటుతుంది. కిరోసిన్, పెట్రోలు అంతకంటే ఘోరం. గోళ్లరంగు తీసే ద్రవంలో ఎసిటోన్ ఉంటే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరుగుతుంది. నొప్పుల బామ్‌లలో ఘాటు వాసన వచ్చే మిథైల్ సాలిసిలేట్ రబ్బరును మెత్తబరుస్తుంది, అది నిజమే. రబ్బరు మెత్తబరిచే మందుల్లోనూ అదే వాడతారు. అయితే అది రబ్బరులోకి దిగి ఉబ్బించడం వల్ల వచ్చే మెత్తదనం, పోయిన గుణాన్ని తిరిగి తెచ్చేది కాదు, ఆవిరయ్యాక రబ్బరు మళ్లీ బిగుసుకుంటుంది. బామ్‌లో దానితోపాటు మైనం, జిడ్డు కూడా ఉంటాయి కాబట్టి బామ్ రాయడం అసలే కూడదు. తుడవడం, కడగడం, అద్దంలాంటి పొర తీయడం, అప్పటికీ కాకపోతే మార్చడం. ఇంతకు మించిన దగ్గరి దారి నాకు కనపడలేదు.

కడ్డీ మీద పేరుకున్న గోధుమ పొరను, హెడ్‌ను ఆల్కహాల్‌తో తుడిచాను. కడ్డీని బ్లేడుతో గీకకూడదు. బెల్టులు వేసి, అన్నీ బిగించి, పోయినా బాధలేని ఒక సినిమా పాటల క్యాసెట్ ముందు పెట్టి రెండు పక్కలా ఆడించాను. పెదనాన్న క్యాసెట్ పెట్టడానికి అప్పుడే చేయి రాలేదు, రాకూడదు కూడా. ముడత లేకుండా, నమలకుండా, చివర బిగువుగా చుట్టుకున్నాక ధైర్యం వచ్చింది.

పెదనాన్న గొంతులో పద్యం మొదలైంది. ఊపు లేదు, వణుకు లేదు. పెద్దమ్మ విని, "గొంతు ఆయనదే గానీ ఇంత బరువుగా ఉండేది కాదురా," అంది. ఆవిడ చెవి నిజం చెప్పింది. ఆ క్యాసెట్లో పెదనాన్న వాయించిన కాలి హార్మోనియం ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. హార్మోనియం రీడ్లు ఇత్తడివి, ఏళ్లు గడిచినా శ్రుతి పెద్దగా కదలదు. మెట్ల మీద చేయి వేసి చూస్తే టేపులో పద్యం మూడు శ్రుతికీ నాలుగు శ్రుతికీ మధ్య పడింది. గొంతు బరువెక్కిందంటే శ్రుతి కిందికి దిగినట్టే, కాబట్టి అసలుది నాలుగు శ్రుతి అని తేల్చుకున్నాం. ఫోనులో శ్రుతి చూపే యాప్ పెట్టి హార్మోనియం ఆ మెట్టు నొక్కితే 352 హెర్ట్జ్ చూపించింది. టేపులో అదే స్వరం 339 దగ్గర ఉంది. అంటే దాదాపు 3.7 శాతం నిదానం. వేగం 6 శాతం దాకా తగ్గితే శ్రుతి హార్మోనియం మీద ఒక పూర్తి మెట్టు కిందికి దిగుతుంది, మేము సగానికి పైగా దిగి ఉన్నాం. కొత్త బెల్టు పాతదానికంటే ఒక వెంట్రుక సన్నమైనా, మోటారు వయసుతో కొంచెం నెమ్మదించినా ఇంత తేడా వస్తుంది.

ఇప్పుడే ఆ స్క్రూకు వేళ. సెట్టును అరగంట నడిపి వేడెక్కనిచ్చి, మోటారు వెనక చిన్న రంధ్రంలోంచి సన్నటి స్క్రూ డ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పుతూ, ప్రతిసారీ ఆగి యాప్ చూశాను. 352కి వచ్చాక పెద్దమ్మ మాట్లాడలేదు, తల ఊపింది. ఇలా హార్మోనియంతో కలపడంలో ఇంకో లాభం ఉంది. రికార్డు చేసిన రోజున సెట్టు వేగం కాస్త అటూ ఇటూ ఉన్నా ఆ తేడా కూడా ఇందులోనే సర్దుకుంటుంది. అందుకే క్యాసెట్ మారినప్పుడల్లా మళ్లీ సరిచూశాను. ఒక క్యాసెట్ చివర మాత్రం శ్రుతి క్రమంగా పైకి ఎక్కుతూ పోయింది. అది సెట్టు జబ్బు కాదు. రికార్డు చేసేటప్పుడు సెల్లులు అయిపోతుంటే టేపు నెమ్మదిగా నడిచింది, ఇప్పుడు సరైన వేగంతో ఆడిస్తే గొంతు లేస్తోంది. ఆ ముక్కను కంప్యూటర్లో సరిచేశాను.

ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ పెట్టి శబ్దాన్ని కుదించకుండా ఉంచే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా ఎక్కించాను. రెండు క్యాసెట్లలో టేపును హెడ్‌కు ఆనించే చిన్న ఫెల్టు ముక్క జిగురు ఊడి పడిపోయింది. టేపును స్క్రూలున్న వేరే క్యాసెట్ డబ్బాలోకి మార్చాను.

సెట్టు ఇప్పుడు నెలకోసారి కాసేపు నడుస్తోంది. కదలకుండా ఉన్న బెల్టు పుల్లీ మలుపు దగ్గర అదే ఒంపులో ఉండిపోతుంది, కాబట్టి నడపాలి. పిల్లలకు గట్టిగా చెప్పింది ఒక్కటే: ప్లే నొక్కి ఉండగా కరెంటు తీసేయొద్దు, స్టాప్ నొక్కి మీట పైకి వచ్చాకే తీయాలి. మీట దిగి ఉన్నంతసేపూ రోలరు కడ్డీకి అదుముకునే ఉంటుంది, అలా కొన్ని వారాలు వదిలేస్తే సరిగ్గా అక్కడే గుంట పడుతుంది. మళ్లీ బెల్టు మార్చే రోజు వస్తుంది, అది నేనే చేస్తానో ఇంకెవరు చేస్తారో. అందుకని మూత లోపల ఒక కాగితం అతికించాను: పెద్ద బెల్టు 63 మి.మీ. వ్యాసం, 1.2 మి.మీ. చదరం. ఐడ్లర్ టైరు ఒకసారి తిరగేశాం, ఈసారి కొత్తది వేయాలి. హార్మోనియం నాలుగు శ్రుతి 352.